పూతరేకు నుంచి రాగిరేకు దాకా: గోదావరి లోయలో మన తారీఖ్

చలికాలం సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో మా ఖాందాన్‌లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. “భాయీజాన్, పిల్లల్ని తీసుకుని గోదావరి వైపు వస్తున్నాం. ఆత్రేయపురంలో పూతరేకులు తినాలి, పాపికొండలు చూడాలి. అది సరే, అక్కడ చూడ్డానికి మనవాళ్ళవి ఏమైనా ఉన్నాయా?”

ఈ ఆఖరి సవాల్ నాకు ఇష్టం. అందులో కొంచెం ఆశ ఉంది, కొంచెం దిగులూ ఉంది. గుళ్ళూ లంకలూ కొబ్బరితోటలూ నిండిన సీమ ఇది. ఇక్కడికొచ్చిన ముస్లిం కుటుంబం తాను మెహమానా, ఇంటిమనిషా అని లోపల్లోపల కొలుచుకుంటుంది. ఖైర్, కొలుచుకోవడంలో తప్పులేదు. కాకపోతే మనవాళ్ళవి అంటే ఒక దర్గా, ఒక మస్జిద్, ఒక ఖిలా అనుకుని వెతికితే గోదావరి లోయ చేతికి దొరకదు. ఆత్రేయపురం నుంచి ఏటికి ఎదురుగా, కొండల్లోకి, భద్రాచలం దాకా పోయే ఈ దారిలో మన తారీఖ్ తీపిగానూ ఉంది, చేదుగానూ ఉంది. తీపి ఒక్కటే ఏరి పిల్లలకి తినిపించడం నాకు నచ్చదు. అందుకే రెండూ చెప్తాను, దారి కూడా చెప్తాను.

ఆత్రేయపురంతోనే మొదలుపెడదాం. పూతరేకులు కొని, పెట్టె కట్టించుకుని వచ్చేయకండి. ఎవరింటి దగ్గరైనా ఇజాజత్ అడిగి, కాసేపు కూర్చుని, చేయడం చూడండి. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది. బియ్యం నానబెట్టి పాలకన్నా పల్చగా రుబ్బిన పిండి పక్కన ఉంటుంది. జయ రకం బియ్యమైతేనే రేకు బాగా వస్తుందంటారు. చేసే ఆమె గుడ్డముక్కని ఆ పిండిలో ముంచి, వేడికుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగుతుంది. రెప్ప వేసేలోగా కుండ మీద పొర లేస్తుంది. దాన్ని ఒలిచి పక్కన పేరుస్తుంది. పూసింది పూత, పల్చని పొర రేకు. నెయ్యి రాసి, చక్కెర పొడో బెల్లం పొడో చల్లి మడతపెట్టడం తర్వాతి సంగతి. ఆ మంట దగ్గర గంటలకొద్దీ కూర్చునేది ఆడవాళ్ళే. రేటు బేరమాడేటప్పుడు అది గుర్తుంటే మంచిది.

2023లో ఈ పూతరేకులకి జీఐ ట్యాగ్ వచ్చింది. దానికోసం దరఖాస్తు పెట్టిన తయారీదారుల సంఘం పేరులో సర్ ఆర్థర్ కాటన్ పేరుంది. మిఠాయివాళ్ళ సంఘానికి ఇంజినీరు పేరేమిటని నవ్వనక్కర్లేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే కోనసీమలో ఇంత వరి ఎక్కడిది?

ఆ నీళ్ళ వెంటే మనకి మొదటి చుట్టం తగులుతాడు. ఆత్రేయపురం పక్కనే లొల్ల లాకులున్నాయి. కాలువ చీలే చోటు, పెద్ద చెట్ల నీడ, నీళ్ళ హోరు. సినిమావాళ్ళు ఎన్నోసార్లు వాడుకున్న జాగా. లాకు తలుపులు ఎత్తి దించి, గట్లు చూసుకునే మనిషిని కాలువల మీద లస్కర్ అంటారు. మన లష్కరే! ఫార్సీలో ఫౌజు. సికింద్రాబాద్‌ని పాత మనుషులు లష్కర్ అనేది అందుకే. ఫౌజు మాట మెల్లిగా ఫౌజు వెంట తిరిగే కూలీల మాటైంది, ఓడల మీద ఖలాసీల మాటైంది, ఆఖరికి కోనసీమకొచ్చి నీళ్ళు వదిలే మనిషి దగ్గర స్థిరపడింది. ఈ సీమలో కత్తి దింపేసి లాకు పట్టుకున్న మాట ఇది.

ఇలాంటివి ఒకటా రెండా. కౌలు అంటే ఖౌల్, ఇచ్చిన మాట. రైతు అంటే రఅయ్యత్. కబురు ఖబరే. జిల్లా, తాలూకా, తహసీల్, శిస్తు, సనదు అన్నీ మన మదర్సా మెట్ల మీద నుంచి దిగొచ్చినట్టే ఉంటాయి. అసలు ఈ జిల్లాలన్నిటికీ ఉత్తర సర్కారులని పేరు. కాకినాడ నుంచి తమిళదేశం వైపు పోయే సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్ళలో ఎంతమందికి ఆ పేరు తుగ్లకుల తర్వాత, గోల్కొండ తర్వాత, ఆసఫ్‌జాహీల కాలపు పాలనా విభాగం పేరని తెలుసు? 1753లో సలాబత్ జంగ్ వీటిని ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చాడు, 1766 ఒప్పందంతో నిజాం అలీ ఇంగ్లీషువాళ్ళకి వదిలేశాడు. ఇవ్వడం పోవడం అయిపోయాయి, పేరు మాత్రం పట్టాల మీద తిరుగుతోంది.

ఆత్రేయపురం మండలంలోనే ఇంకో రెండు ఊళ్ళున్నాయి. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఒకే రాయి. ముందు నుంచి కేశవుడు, వెనక నుంచి మోహిని. గుడి లోపలికి వెళ్ళడం, వెళ్ళకపోవడం మీ మనసుకి సంబంధించింది. ఆ శిల్పి హునర్ గురించి పిల్లలకి చెప్పడానికి ఏ అడ్డూ లేదు. వాడపల్లి గౌతమి ఒడ్డున వెంకటేశ్వరస్వామి క్షేత్రం. శనివారాలు వెళ్ళకండి, ఏడు శనివారాల మొక్కు ఉన్నవాళ్ళతో రోడ్డు కదలదు. ఈ వాడపల్లిలోనే 1931 మార్చిలో రథోత్సవం జరుగుతుంటే, రథం మీద గాంధీ పటం పెట్టారని గొడవై పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు పోయారు. ఆజాదీ లడాయి గురించి మనం ఎప్పుడూ ఢిల్లీ, లక్నోల నుంచే మొదలుపెడతాం. ఈ మండలంలో నెత్తురు పడిన చోటు కాలువగట్టు మీద కార్లో పది నిమిషాల దూరంలోనే ఉంది.

ఇక రాజమండ్రి. బొబ్బర్లంక దగ్గర బ్యారేజీ ఎక్కండి. కాటన్ కట్టిన పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి పూర్తయిన కట్ట ఇది. నాలుగు భాగాలు, 175 గేట్లు. దాటాక ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది, పిల్లలకి నచ్చుతుంది. నేను అక్కడ ఎక్కువసేపు ఆపను. రాజమండ్రి మెయిన్ రోడ్డులోని పాత మస్జిద్‌కి తీసుకెళ్తాను.

నమాజ్ అయిపోయి జనం పల్చబడ్డాక గుమ్మం పైకి తలెత్తి చూడండి. ఫార్సీ శాసనం. 724 హిజ్రీ, రమజాన్ 20. ఇంగ్లీషు తారీఖులో 1324 సెప్టెంబర్ 10. ఢిల్లీలో ఘియాసుద్దీన్ తుగ్లక్ సుల్తాన్. అతని కొడుకు ఉలుగ్ ఖాన్, మనం తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా చదువుకునే మనిషి, 1323లో ఓరుగల్లుని గెలిచాడు. ఏడాది తిరిగేసరికి ఫౌజు గోదావరి ఒడ్డుకొచ్చింది. సాలార్ ఉల్వీ అనే అధికారి ఈ మస్జిద్ కట్టించాడు. తెలుగు నేల మీద ఇప్పటికీ అజాన్ వినిపిస్తున్న పాత మస్జిద్‌లలో ఇదొకటి. ఏడొందల ఏళ్ళు దాటాయి.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే సుబ్‌హానల్లాహ్ అనుకుని బయటికొస్తాం. కానీ ఈ మస్జిద్ వేణుగోపాలస్వామి గుడిని మార్చి కట్టిందని ఊళ్ళో తరతరాలుగా చెప్పుకుంటున్నారు, చరిత్ర రాసినవాళ్ళూ అదే రాశారు. ఇది మన పిల్లలకి చెప్పాలా వద్దా అని మా ఇంట్లోనే రెండు రాయ్‌లున్నాయి. వాళ్ళ వాట్సాప్‌లోకి ఎలాగూ వస్తుంది, ఎవరో కోపంతో పంపిస్తారు. అంతకుముందే అబ్బా నోటి నుంచి వింటే నయం కదా.

నాకు బడిలో ఉర్దూ, కాలేజీలో తెలుగు. మొదటిది ఆ గుమ్మం దగ్గర పనికొచ్చింది, రెండోది విలస దగ్గర. విలస కోనసీమలోనే, అయినవిల్లి మండలంలోని ఊరు. అక్కడ చూడ్డానికి వరిచేలూ కొబ్బరిచెట్లూ తప్ప ప్రత్యేకంగా ఏమీ లేవు. కానీ ఆ ఊరి పేరు మీద ఒక తామ్రశాసనం ఉంది. పూతరేకుల సీమలో దొరికిన రాగిరేకులు. 1330 ప్రాంతంలో ముసునూరి ప్రోలయ నాయకుడు ఒక బ్రాహ్మణ పండితుడికి విలస గ్రామాన్ని దానమిస్తూ రాయించినవి. నేలటూరి వెంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖర శర్మ దీన్ని పరిష్కరించి ప్రచురించారు. సంస్కృత శ్లోకాల శాసనం.

అందులో మన గురించి ఏముందో మెత్తగా చెప్పలేను. ప్రతాపరుద్రుడు పట్టుబడి, ఢిల్లీ తీసుకెళ్తుంటే నర్మద ఒడ్డున చనిపోయాడు. ఆ తర్వాత యవనులు నేలంతా ఆక్రమించారు. డబ్బున్నవాళ్ళని డబ్బు కోసం హింసించారు. బ్రాహ్మణుల కర్మకాండ ఆగిపోయింది. అగ్రహారాలు లాక్కున్నారు. దున్నినవాడికి పంట దక్కలేదు. విగ్రహాలు పగిలాయి. తాగుడు, గోవధ, జుల్మ్. అప్పుడు ప్రోలయ నాయకుడు వచ్చి వాళ్ళని తరిమి, మళ్ళీ అన్నీ నిలబెట్టాడు. క్లుప్తంగా ఇదీ శాసనం మాట. మొదటిసారి చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆ యవనులు అన్న మాటలో నా పేరు ఉందా లేదా అన్నదే ఆలోచన.

ప్రశస్తి అన్నాక అతిశయం ఉంటుంది. ఏ రాజైనా తాను రాకముందు లోకం చీకటని, తాను వచ్చాక వెలుగని రాయించుకుంటాడు. ఆ మాట చెప్పి తప్పించుకోవచ్చు, చాలామంది తప్పించుకున్నారు కూడా. నాకు అది చాలదు. ఒక హుకూమత్ కూలి పరాయి ఫౌజు దిగినప్పుడు ఊళ్ళలో ఏం జరుగుతుందో మనకి తెలియనిది కాదు. 1857 తర్వాత ఢిల్లీలో మన బుజుర్గులకి జరిగింది చదివి ఏడుస్తాం. విలసలో ఎవరో ఏడ్చారంటే నమ్మకపోవడం ఇన్సాఫ్ కాదు. మస్జిద్ గుమ్మం మీది రాయి గెలిచినవాడిది, విలస రాగిరేకు తిరిగి గెలిచినవాడిది. రెంటిలోనూ మామూలు రైతు నోరు విప్పలేదు.

తర్వాత ఏమైందన్నది కూడా చూడాలి. సింథియా టాల్బట్ అనే చరిత్రకారిణి ఆంధ్ర శాసనాలు తిరగేసి ఒక సంగతి చూపించింది. తురకల మీద ఇంత కటువైన మాటలు యుద్ధం ముమ్మరంగా ఉన్న కాలానివి. సరిహద్దులు కుదురుకున్నాక భాష మారిపోతుంది. నిజమే, ఒక తరం గడిచేసరికి విజయనగర రాజులు హిందూరాయ సురత్రాణ అని బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణుడంటే సుల్తానే. తరిమిన మాటనే తలకెత్తుకున్నారు.

ఇంకో మనిషిని కూడా పిల్లలకి చెప్పండి. ఓరుగల్లు పతనం తర్వాత ప్రతాపరుద్రుడి కొలువులోని ఒక తెలుగువాడు ఇస్లాం తీసుకుని మలిక్ మక్బూల్ అయ్యాడు. తుగ్లకుల తరఫున ఓరుగల్లునే ఏలాడు. ప్రోలయ తర్వాత కాపయ నాయకుడు తిరగబడితే ఢిల్లీకి పారిపోయాడు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో సల్తనత్ మొత్తానికి వజీర్ అయ్యాడు. ఖాన్-ఎ-జహాన్ తిలంగానీ అంటారు. తిలంగానీ, అంటే తెలంగాణ మనిషి. నిజాముద్దీన్ ఔలియా దర్గా దగ్గర అతని ఎనిమిది పలకల మఖ్బరా ఇప్పటికీ ఉంది. దర్గాకి వెళ్ళిన మనవాళ్ళు దాని ముందు నుంచే నడిచి వెళ్ళిపోతారు. గోదావరి లోయలో తిరగబడినవాడూ తెలుగువాడే, ఢిల్లీ తరఫున ఏలినవాడూ తెలుగువాడే. ఇక మనవాళ్ళెవరు అన్న సవాల్‌కి ఫోన్‌లో ఏం చెప్పమంటారు?

ప్రోలయ నాయకుడు ఎక్కడి నుంచి ఏలాడన్నది కూడా ఆ రాగిరేకులే చెప్తాయి. రేకపల్లి. అది డెల్టాలో లేదు, పాపికొండలకి అవతల, శబరి గోదావరిలో కలిసే చోటికి దగ్గర్లో ఉంది. కొండల్లో దాక్కుని మైదానాన్ని తిరిగి గెలిచాడన్నమాట. కాబట్టి మనమూ కొండల్లోకి వెళ్దాం.

పాపికొండలకి పడవలు ఇప్పుడు ఎక్కువగా గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి బయల్దేరుతున్నాయి. పాపిడి తీసినట్టు నది కొండల్ని చీల్చుకుని పోతుంది కాబట్టి పాపిడికొండలు, వాడుకలో పాపికొండలు. కిందికి వస్తే కోనసీమలో ఆవలిగట్టు మసకగా కనిపించేంత వెడల్పు నది, ఇక్కడ రెండు కొండల మధ్య ఒదిగి, ముదురు రంగు తిరిగి, చప్పుడు లేకుండా నడుస్తుంది. ఉదయం పొగమంచు తెర లేచేటప్పుడు చూడండి. మాటల్లో పెట్టడం నా వల్ల కాదు. ఒక్క మాట: పడవలో నమాజ్ చేద్దామనుకునేవాళ్ళకి ఈ లోయ పరీక్ష పెడుతుంది. మలుపు మలుపుకీ ఖిబ్లా తిరిగిపోతుంది. మేం పేరంటపల్లి ఒడ్డున దిగి, ఇసుక మీద జోహర్ కసర్ చేసుకున్నాం.

లైఫ్ జాకెట్ వేసుకోనని మొండికేసే పెద్దవాళ్ళుంటే పడవ ఎక్కించకండి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర వరద నీటిలో పర్యాటకుల పడవ మునిగి దాదాపు యాభై మంది పోయారు. నీళ్ళు ప్రశాంతంగా కనిపించడం వేరు, ప్రశాంతంగా ఉండడం వేరు.

ఎడమగట్టు వెనక కొండలు రంప సీమ. ఇక్కడ మన మాటలు మళ్ళీ ఎదురొస్తాయి, ఈసారి నవ్వు రాదు. రంప కొండలకి పెద్దని మన్సబ్దార్ అనేవాళ్ళు. అక్బర్ దర్బార్ మాట ఇంత అడవిలోకి ఎక్కింది. అతని కింద ముఠాదార్లు. ఇంగ్లీషువాళ్ళ అండ చూసుకుని ఆ మన్సబ్దార్ కల్లు గీసుకునే కొండజనం మీద చిగురుపన్ను పెంచుకుంటూ పోయాడు. 1879 మార్చిలో ముఠాదార్లు తిరగబడ్డారు. కారం తమ్మన్నదొర లాంటివాళ్ళు పోలీసు ఠాణాల మీద పడ్డారు. సర్కారు ఫౌజులు దించి అణిచేసింది, కానీ చివరికి మన్సబ్దార్‌ని తీసేసి ముఠాదార్లకే సనదులు ఇవ్వాల్సి వచ్చింది.

దాన్ని రంప పితూరీ అంటారు. పితూరీ ఎక్కడిదో మీకు చెప్పనక్కర్లేదు, మన ఫితూరే. మనం ఇంట్లో దిమాగ్ కా ఫితూర్ అంటాం, పిచ్చి ఆలోచన అన్న అర్థంలో. ఊళ్ళో తెలుగులో పితూరీలు చెప్పడమంటే చాడీలు చెప్పడం. రంప కొండల్లో మాత్రం పితూరీ అంటే ఆకలి తిరగబడడం. హుకూమత్ కాగితాల్లో అల్లరి అని రాసుకున్న మాటని కొండజనం ఇజ్జత్‌గా మార్చుకున్నారు.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు పితూరీ మొదలైనప్పుడు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలు వరసగా దోచి తుపాకులు పట్టుకుపోయారు. వాళ్ళని అణచడానికి మద్రాసు సర్కారు పంపిన బలగాల్లో మలబార్ స్పెషల్ పోలీసు ఉంది. అది ఎందుకు పుట్టిన బలగం? 1921లో మలబార్ మాపిళ్ళ ముస్లింల తిరుగుబాటుని అణచడానికి. ఒకే చేయి అక్కడ కోళికోడ్ వైపు మాపిళ్ళల్ని, ఇక్కడ కొండరెడ్లనీ కోయల్నీ కొట్టింది. 1924 మే 7న రాజుని చంపేశారు. ఆయన బొమ్మ ముందు ఫొటో తీసుకునే మన పిల్లలకి ఈ మలబార్ ముక్క కూడా చెప్తే, ఆ లడాయి పరాయిది కాదని వాళ్ళకే తెలుస్తుంది.

పేరంటపల్లి దగ్గర పడవ కాసేపు ఆగుతుంది. రామకృష్ణ మునివాటం అనే ఆశ్రమం, శివాలయం, చుట్టూ వెదురు. కొండరెడ్లు వెదురుతో చేసిన బుట్టలూ బొమ్మలూ అమ్ముతారు, బేరమాడకుండా కొనండి. ఈ కుడిగట్టు ఒకప్పుడు నిజాం రాజ్యం. ఎదురుగట్టు ఇంగ్లీషువాళ్ళది. మధ్యలో గోదావరి సరిహద్దు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో హైదరాబాద్‌లో చిక్కుకుపోయిన ఆస్ట్రియా పండితుడు హైమెండార్ఫ్ ఈ గట్టునే తిరిగి, కొండరెడ్ల మీద 1945లో పెద్ద పుస్తకం వేశాడు. కలప కాంట్రాక్టర్లు కొండరెడ్లని వెట్టివాళ్ళలా ఎలా వాడుకుంటున్నారో అందులో ఉంది. తర్వాత నిజాం సర్కారు ఆయన్నే గిరిజన వ్యవహారాలకి సలహాదారుగా పెట్టుకుంది. నిజాం హుకూమత్ గురించి నిజాయితీగా రాయాలంటే ఈ రెండూ రాయాలి. దాని గట్టు మీదే ఆ దోపిడీ జరిగింది, ఆ దోపిడీని రాసిన మనిషికి కుర్చీ వేసిందీ అదే.

భద్రాచలానికి రోడ్డు మార్గం రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు మీదుగా. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు అందమంతా చలికాలం పొద్దున్నే. బొంగులో చికెన్ అందరూ తింటారు. మనకి జబీహా సంగతి ఉంది కదా. కోడిని మేమే జబహ్ చేసి ఇస్తామని అడిగితే, మేం ఆగిన చోట ఆమె నవ్వుతూ సరే అంది. మసాలా పట్టించి బొంగులో కూరి నిప్పుల మీద పెట్టడం ఆమె పని, ఎదురుచూడ్డం మా పని. నూనె వేయరు, రుచి మాత్రం తగ్గదు.

భద్రాచలం వచ్చేసరికి మనవాళ్ళందరికీ నోరొస్తుంది. తానీషా! అవును, అబుల్ హసన్ తానాషా. హైదరాబాద్ సూఫీ షా రాజు మురీద్. 1672 నుంచి 1687 దాకా గోల్కొండ ఆఖరి సుల్తాన్. అతని దర్బార్‌లో అక్కన్న మాదన్నలు వజీరులు. వాళ్ళ మేనల్లుడు కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దార్. వసూలు చేసిన శిస్తుతో భద్రాద్రి మీద రామాలయం కట్టించాడు. సుల్తాన్ ఖైదులో వేశాడు. పన్నెండేళ్ళు. రాముడూ లక్ష్మణుడూ స్వయంగా వచ్చి బాకీ తీర్చారని జనం నమ్మకం. అప్పటి నుంచే శ్రీరామనవమికి హుకూమత్ తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే రివాజు మొదలైందని, ఆసఫ్‌జాహీలు దాన్ని కొనసాగించారని చెప్తారు. ఇప్పటి ప్రభుత్వమూ పంపుతోంది. అక్కడి తలంబ్రాల్లో గులాల్ కలుపుతారు, ఎరుపెక్కి ఉంటాయి. అది కూడా తానీషా కాలపు అలవాటేనంటారు.

మన జల్సాల్లో ఈ దాస్తాన్ ఎన్నిసార్లు విన్నానో. ఎప్పుడూ ముత్యాల దగ్గరే మొదలవుతుంది. ఖైదు దగ్గర గొంతు తగ్గుతుంది. గోల్కొండ ఖిలాకి పిల్లల్ని తీసుకెళ్ళినవాళ్ళు రామదాసు బందిఖానా గోడల్ని చూసే ఉంటారు. ఆ చీకటిగది తాళంచెవి, ఈ ముత్యాలు ఒకే సుల్తాన్ చేతిలోవి. అలా చెప్తే తానాషా చిన్నవాడైపోడు. ఖజానా లెక్క అడిగిన పాలకుడు, ఆ పైన తలవంచిన పాలకుడు. ఔరంగజేబ్ 1687లో గోల్కొండని గెలిచి అతన్ని దౌలతాబాద్ కోటలో ఖైదు చేస్తే, ఖైదు ఎలా ఉంటుందో అతనికీ తెలిసొచ్చింది. అక్కడే కన్నుమూశాడు. ముసల్మాన్ పాదుషా చేతిలో ముసల్మాన్ సుల్తాన్.

కబీర్‌దాస్ భద్రాచలం వచ్చి గోపన్నకి రామమంత్రం చెప్పాడని కథ ఉంది, సినిమాల్లో కూడా చూపించారు. లెక్క కుదరదు, ఇద్దరికీ మధ్య దాదాపు రెండొందల ఏళ్ళు. అయినా ఈ కథ కట్టినవాళ్ళకి రామదాసుకి గురువుగా ఒక ముసల్మాన్ ఫకీర్ ఎందుకు కావాల్సి వచ్చాడో ఆలోచిస్తే ముచ్చటేస్తుంది.

తిరుగు దారిలో కూనవరం వైపు రండి. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు, రెండు నీళ్ళ రంగు తేడా కాసేపు కనిపిస్తుంది. మగ్రిబ్‌కి కొంచెం ముందు చేరుకుంటే బాగుంటుంది. దానికి దగ్గర్లోనే వర రామచంద్రపురం మండలంలో రేకపల్లి. విలస రాగిరేకులు రాయించిన మనిషి రాజధాని. నేను వెళ్ళినప్పుడు నాకు కోటా కనిపించలేదు, బోర్డూ కనిపించలేదు. పొలాలు, పశువులు, చింతచెట్టు కింద మనుషులు. మీరెవరు, ఏ పని మీద వచ్చారని అడిగారు. పాత రాజుగారి ఊరు చూడ్డానికని చెప్తే, ఏ రాజని వాళ్ళే నన్నడిగారు. ప్రోలయ నాయకుడి కథ మొదలుపెట్టి, తురకల్ని తరిమాడు అనే చోట నేను ఒక్క క్షణం ఆగాను. నా పేరు అప్పటికే చెప్పి ఉన్నాను. ఒక ముసలాయన, “మరి మీరే చెప్తున్నారేంటి బాబూ” అని నవ్వాడు, నేనూ నవ్వాను, ఆపకుండా చివరిదాకా చెప్పాను.

వాళ్ళ దిగులు వేరు. పోలవరం. 2014లో ఇటువైపు మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది ఆ ప్రాజెక్టు కోసమే. రిజర్వాయరు నిండితే మూడొందలకు పైగా పల్లెలు నీళ్ళలోకి పోతాయి. పోయేవాళ్ళలో ఎక్కువమంది కోయలు, కొండరెడ్లు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడల మీద చేత్తో చూపించారు. ప్యాకేజీ ఎంత, ఇల్లు ఎక్కడిస్తారు, అక్కడ అడవి ఉంటుందా, ఇవీ వాళ్ళ మాటలు. డెల్టాలో లాకు దగ్గర లస్కర్ వదిలే నీళ్ళకీ, ఇక్కడ వీళ్ళ గుమ్మంలోకి రాబోయే నీళ్ళకీ సంబంధం ఉంది. ఆత్రేయపురంలో పూతరేకు తింటూ ఎవరికీ అది గుర్తురాదు, రావాలని అనడానికి నేనెవర్ని.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానాకాలంలో పడవలు ఆపేస్తారు, ఘాట్ రోడ్డు మీద కూడా జాగ్రత్త. మారేడుమిల్లి దాటాక ఫోన్ సిగ్నల్ మీద భరోసా పెట్టుకోకండి. పాపికొండలకి ఒక రోజు, భద్రాచలానికి ఒక రోజు చాలు. రేకపల్లికి సగం రోజు ఉంచుకోండి, ఇంకొన్నేళ్ళకి ఆ ఊరు ఉంటుందో లేదో.